సిందూరం పెట్టిన బానెట్

పోయిన వారం మనం ఆగినప్పుడు సత్యశ్రీ చెయ్యి బానెట్ మీద ఉంది. సీతమ్మధారలో అత్తవారింటి ముందు, ఆదివారం ఉదయం, ఆ వెండిరంగు సెడాన్ మీది కవరును ఆమె మొదటిసారి తన చేత్తో తీసింది. పెళ్ళై ఏడాది దాటినా ఆ కారును ముట్టుకునే భాగ్యం ఆమెకు ఇంతవరకు కలగలేదు. "గ్రీజు చేతులతో దాన్ని తాకకు" అని అత్తగారి ఆజ్ఞ. సత్యశ్రీ ఉద్యోగం ఆటోనగర్‌లో, పాత కార్లు కొని అమ్మే ఒక కంపెనీలో. అమ్మకానికి వచ్చిన ప్రతి బండినీ చూసి ఏది అసలు, ఏది అతుకు అని ఆమే తేల్చాలి. ఊరందరి కార్లూ చూడొచ్చు, ఇంట్లోది తప్ప.

ఆ ఆజ్ఞ ఇవాళ సడలడానికి కారణం నిసార్. పాత ఊళ్ళో ఇనప పెట్టెల దుకాణం ఆయనది. తల్లి రసూల్ బీ మోకాళ్ళు అరిగిపోయి ఆటో ఎక్కలేకపోతోంది, ఆమెను ఆసుపత్రికి తిప్పడానికి మంచి కారు కావాలి. "మీ కోడలమ్మ కార్లు సూసే ఉద్యోగమంట కదా మేడమ్. ఆ యమ్మ సూసి బాగుందంటే నాను ఇంకెవర్నీ అడగను" అన్నాడు. అత్తగారు కుసుమకుమారి వెంటనే ఒప్పుకుంది. ఉన్నట్టుండి కారు అమ్మాలని ఆవిడకు ఎందుకు పట్టిందో కొడుకు ఉదయ్‌కుమార్‌కి కూడా తెలియదు. పొద్దున్నే వంటింట్లో కోడలికి మాత్రం పాఠం చెప్పేసింది. "చూడు, చుట్టూ తిరుగు, బాగుందని చెప్పు. నీ పని అంతే."

కుసుమకుమారి గారి గురించి కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట. ఆవిడ ఒక ప్రైవేటు బడికి కరస్పాండెంటు. మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్టుంటుంది. ఎవరింట చావు జరిగినా ముందు ఆవిడే వెళ్తుంది, ఎవరింట పెళ్ళి జరిగినా ముందు వరస ఆవిడదే. ఇంత మంచి మనిషి ఇంట్లో కోడలు ఏడాదిలో పది కిలోలు ఎందుకు తగ్గిందో ఆ కాలనీలో ఎవరూ అడగలేదు.

సత్యశ్రీ డ్రైవర్ వైపు నుంచి మొదలుపెట్టింది. రంగు మందం కొలిచే చిన్న మీటరును పైకప్పు మీద ఆనించింది. బాగానే ఉంది. తలుపులూ బాగానే ఉన్నాయి. అడుగు అంచుల్లో కాస్త తుప్పు కనిపించింది. సముద్రం ఒడ్డున ఊరు, ఉప్పుగాలి, విశాఖలో ఆ మాత్రం తుప్పు లేని కారుంటేనే అనుమానించాలి. బానెట్ మీద ఆనించేసరికి మీటరు రెండింతలు చూపించింది. ముందు లైట్లలో ఒకటి ఎండకు పసుపెక్కి ఉంది, రెండోది గాజులా మెరుస్తోంది. బానెట్ ఎత్తి చూస్తే కీలు బోల్టుల మీద పానా తిప్పిన గాట్లు.

ఇవన్నీ ఆమెకు రోజూ కనిపించేవే. నూటికి అరవై కార్లు ఎక్కడో ఒకచోట గుద్దుకున్నవే. ఆమె చెయ్యి ఆగింది దానికి కాదు. ఎత్తిన బానెట్ లోపల, సరిగ్గా మధ్యలో, నారింజ రంగు సిందూరం బొట్టు ఉంది.

అరగంట కిందటే కుసుమకుమారి ఆ కథ నిసార్‌కి గొప్పగా చెప్పింది. కారు కొన్న రోజు సంపత్ వినాయకుడి గుడి ముందు పూజ చేయించిందట. పైన పెట్టిన బొట్టు మొదటి వాటర్ సర్వీసుకే పోతుంది కాబట్టి నూనెలో కలిపిన కుంకుమతో బానెట్ లోపల ఒకటి, డిక్కీ మూత లోపల ఒకటి తన చేత్తోనే పెట్టిందట. "ముందు, వెనక, రెండు వైపులా అమ్మవారి కాపలా" అంది. సత్యశ్రీ వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తింది. అక్కడ కుంకుమ ఉంది, ఏళ్ళు గడిచి వక్కపొడి రంగుకు తిరిగింది. మళ్ళీ ముందుకు వచ్చి చూసింది. ఇక్కడ సిందూరం.

కొత్త బండికి ఎవరూ ఆంజనేయస్వామి సిందూరం పెట్టరు. పిల్లాడు ఉలిక్కిపడి జ్వరం తెచ్చుకుంటేనో, ఇంట్లో కానిది జరిగితేనో, గుండె దడ తగ్గకపోతేనో గుడికి పరిగెత్తి తెచ్చుకునేది సిందూరం. రిపేరు చేసినవాడు పనిమంతుడే, రంగు కలిపి, పాలిష్ కొట్టి, దెబ్బ ఆనవాలు పైకి కనబడకుండా చేశాడు. కానీ బొట్టు లేని కొత్త బానెట్‌తో కారును ఇంటికి తెచ్చుకోవడానికి కుసుమకుమారి గారి భక్తి ఒప్పుకోలేదు. పోలీసుల కంటినీ, బీమా కంపెనీవాళ్ళ కంటినీ తప్పించుకున్న మనిషి దేవుడికి భయపడి తన చేత్తోనే గుర్తు పెట్టింది.

సత్యశ్రీ సెల్‌ఫోన్ టార్చి వేసి రేడియేటర్ కిందికి వంగింది. బంపరు వెనక ఇనప పట్టీకి, రేడియేటర్‌కి మధ్య సందులో ఏదో ఇరుక్కుని ఉంది. వేలు దూర్చి లాగింది. ప్లాస్టిక్ వైరు ముక్క, బుట్టలు అల్లే వైరు. సగం పసుపు, సగం వంగపండు రంగు, మధ్యలో ముడి. ఆమె దాన్ని ఒక్కసారే చూసి గుప్పిట మూసేసింది. తర్వాత కారులో కూర్చుని కీ తిప్పింది. దిగి, గుప్పిట విప్పకుండానే నిసార్ ముందుకు వచ్చింది.

"ఏటమ్మా, ఎలగుంది?" అన్నాడు నిసార్.

"ఎలా ఉంటుంది నిసార్ గారూ, నా కన్నబిడ్డలా చూసుకున్నాను" అంది కుసుమకుమారి. "సత్యా, చెప్పు ఆయనకు."

"నాను..." అని సత్యశ్రీ ఆగింది.

"నేను!" అత్తగారు నవ్వుతూ సరిదిద్దింది. "పద్మనాభం నుంచి తెచ్చి ఏడాదైంది నిసార్ గారూ, ఇంకా నాలుక తిరగడం లేదు. తరతరాలుగా దుక్కి దున్నినవాళ్ళు కదా, నాలుకలు మొద్దుబారిపోయి ఉంటాయి. మా బడిలో ఎల్‌కేజీ పిల్లలు నయం. మొదట్లో భోజనాల దగ్గర దీన్ని చూసి చుట్టాలు నవ్వితే నాకు తల తీసేసినట్టుండేది."

నిసార్‌కి ఆ నవ్వులో కలవబుద్ధి కాలేదు. "మేమూ నానే అంటాం కదా మేడమ్" అన్నాడు నేల చూస్తూ.

మెట్ల మీద ఉదయ్‌కుమార్ కారు కవరును మడతపెడుతూ నిలబడ్డాడు. మడతపెట్టడం, విప్పడం, మళ్ళీ మడతపెట్టడం. భార్యను అవమానించినప్పుడల్లా చేతికి ఏదో ఒక పని దొరికే అదృష్టం అతనిది.

సత్యశ్రీ నిసార్ వైపు తిరిగింది. "భాయ్, ఈ బండి ముందు భాగం గట్టిగా గుద్దుకుంది. బానెట్ మార్చారు, బంపరు మార్చారు, ఒక లైటు మార్చారు. అది పెద్ద సంగతి కాదు. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. దీనికి అసలు వెలగడమే లేదు. గుద్దినప్పుడు బ్యాగులు పేలిపోయుంటాయి. కొత్తవి వెయ్యకుండా పైన మూతలు అతికించి, లైటు వైరు కోసేశారు. మీ అమ్మగారిని ఇందులో ముందు సీట్లో కూచోబెట్టకండి."

నిసార్ కారు దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏటే, ఏటి కూస్తన్నావ్?" అంది కుసుమకుమారి. వార్తలు చదివే గొంతు ఎటు పోయిందో పోయింది. ఆవిడ పుట్టిల్లు చోడవరం పక్క పల్లెటూరని కాలనీలో చాలామందికి తెలియదు. వెంటనే సర్దుకుని, "దీని మాట పట్టించుకోకండి. కంపెనీలో రేటు తగ్గించడానికి నేర్పుతారు ఇలాంటివి. ఇంటికీ ఆఫీసుకీ తేడా తెలియని మనిషి" అంది.

"మేడమ్, నాకీ కారు వద్దు" అన్నాడు నిసార్. మర్యాదగానే అన్నాడు. "మా అమ్మ ముందు సీట్లోనే కూకుంటాది. వెనకాల ఎక్కనేదు." సత్యశ్రీ వైపు తిరిగి, "నీకు ఇంట్లో మాటొస్తాదని తెలిసీ సెప్పినావు తల్లీ. అల్లా నిన్ను సల్లగా సూడాల" అని గేటు దాటి, చప్పుడు కాకుండా గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ గొళ్ళెం పడేదాకా కుసుమకుమారి చిరునవ్వు చెదరలేదు. ఎదురింటి డాబా మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు కదా.

"లోపలికి పద" అంది పెదవులు కదపకుండా.

"రాను అత్తయ్యా."

"రాకపోతే బయటే ఉండు. తిండి కూడా బయటే తిను. నీ మోజు చూసి ఉద్యోగానికి పంపిస్తే, నా వాకిట్లో నిలబడి నా పరువు తీస్తావా? ఎవరిచ్చారే నీకంత ధైర్యం? నీ ఒంటి మీద ఉన్న చీర దగ్గర్నుంచి నేనిచ్చిందే. నీ కుంటి బాబు అన్నం తింటున్నాడంటే..."

సత్యశ్రీ గుప్పిట తెరిచి వైరు ముక్కను బానెట్ మీద పెట్టింది.

"ఇది నాను అల్లిన బుట్ట" అంది. ఇప్పుడు ఆమె మాటను ఎవరూ సరిదిద్దలేదు. "మా నాన్న మోపెడ్ ముందు కట్టుకునీవాడు. పిడి అల్లతంటే పసుపు వైరు అయిపోనాది. వంగపండు రంగుది ముడేసి పూర్తి చేసినాను. మా అమ్మ జోగమ్మ నవ్వింది, పిడి రెండు రంగులేటే అని. అలాటి బుట్ట ఇంకోటి ఉండదు. మా నాన్నను గుద్దీసింది లారీ అన్నారు కదా అత్తయ్యా. మరి ఈ ముక్క మీ కారులోకి ఎలగొచ్చింది?"

రెండేళ్ళ కిందటి సంగతి అది. పద్మనాభంలో రైతు అయిన ఆమె తండ్రి నీలకంఠం తెల్లవారుజామున బెండకాయల మూటతో రైతుబజారుకు బయలుదేరాడు. ఊరు దాటకముందే లారీ గుద్దిందన్నాడు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. లారీ నంబరు చూడలేదని పోలీసులకు చెప్పాడు, ఇంట్లోనూ చెప్పాడు. ఆ తర్వాత నాలుగు నెలలకు సీతమ్మధార నుంచి సంబంధం వెతుక్కుంటూ వచ్చింది. ఒక్క రూపాయి అడగలేదు. అంత పెద్దవాళ్ళు తమ గడప ఎందుకు తొక్కారో అని ఊరు ఊరంతా ఆశ్చర్యపోయింది.

సత్యశ్రీ భర్త వైపు తిరిగింది. "మీరేనా?"

ఉదయ్‌కుమార్ చేతుల్లోంచి కవరు జారిపోయింది. అతను తల్లి వైపు చూశాడు.

"వాణ్ణి అడుగుతావేం? వాడికి అంత చేవ ఉంటే నాకీ తద్దినమే లేదు" అంది కుసుమకుమారి. ఆవిడ కోపమంతా ఏమైందో, గొంతు చల్లగా అయిపోయింది. కేకలు వేసేటప్పటి కంటే అప్పుడే ఆవిడ ఎక్కువ భయంగా ఉంటుంది. "నడిపింది నేను. కొండ మీద అనంత పద్మనాభస్వామి దర్శనానికి వెళ్తున్నాం. నీ బాబు పక్క దారిలోంచి మోపెడ్ వేసుకుని అడ్డం వచ్చాడు. అతన్ని గుద్ది కల్వర్టుకి కొట్టుకున్నాం. దిగాను. ముందు బానెట్ చూసుకున్నాను. తర్వాత అతన్ని చూశాను."

"అమ్మా, చాలు" అన్నాడు ఉదయ్‌కుమార్.

"చాలదు. తెలుసుకోనీ."

"నేను అంబులెన్సుకి ఫోన్ చేశాను సత్యా. వదిలేసి రాలేదు, ఒట్టు."

"చేశాడు, తన సొంత నంబరు నుంచి!" తల్లి కొడుకును చూసి అసహ్యంగా నవ్వింది. "అక్కడికి వాడో ధర్మరాజు. ఆ ఒక్క తెలివితక్కువ పని లేకపోతే నేను ఆసుపత్రికి వెళ్ళే అవసరమే లేదు. పోలీసులు నంబరు పట్టుకుని వచ్చేలోగా ఆ మనిషి ఏం చెబుతాడో తెలుసుకోవాలి కదా. బత్తాయిలు కొనుక్కుని వెళ్ళాను. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. రోడ్డు మీద పడి ఉండి కూడా నా మొహం బాగానే చూసుకున్నాడు నీ బాబు."

సత్యశ్రీ కారుకు ఆనుకుంది. నిలబడటానికి ఇంకేదీ అందలేదు.

"ఏం కావాలో చెప్పమన్నాను. డబ్బు అడుగుతాడనుకున్నాను. అతను డబ్బు మాటే ఎత్తలేదు. నీ కొడుక్కి పెళ్ళైందా అని అడిగాడు." కుసుమకుమారి ఒక్కొక్క మాటా విడదీసి, పిల్లలకు డిక్టేషన్ చెబుతున్నట్టు చెప్పింది. "మా పిల్లని మీ కోడల్ని చేసుకోండి, నాను లారీ అని చెబుతాను అన్నాడు. కాలు పోయి మంచం మీద ఉన్నాడే గానీ తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకూ వీడికి ఎక్కడా సంబంధం కుదరక తల బొప్పి కట్టి ఉంది. సరే అన్నాను. నిన్ను చూడ్డానికి మీ ఇంటికి వచ్చినప్పుడు పళ్ళు చూశాను, నడక చూశాను, సర్టిఫికెట్లు చూశాను. నువ్వు కార్లను చూస్తావే, అలాగే. పల్లెటూరి తుప్పు కాస్త ఉంది, గీకితే పోతుందిలే అనుకున్నాను. అక్కడే మోసపోయాను."

"నువ్వు నాకు నిజంగానే నచ్చావు సత్యా" అన్నాడు ఉదయ్‌కుమార్. ఆ మాట అనడానికి అతను ఎంచుకున్న సమయం అది. సత్యశ్రీ అతని వైపు చూడనైనా చూడలేదు.

"అబద్ధం" అంది అత్తగారితో. "మా నాన్న అలాటోడు కాడు. గేదె దూడను అమ్మితేనే రెండు రోజులు అన్నం తినడు. నన్ను అమ్మీసినాడంటే నాను నమ్మను."

"నమ్మొద్దు. ఫోనుందిగా, అడుగు. స్పీకర్లో పెట్టు, నేనూ విని సంతోషిస్తాను."

సత్యశ్రీకి ఆ నంబరు నొక్కడం ఇష్టం లేదు. నొక్కకుండా ఉంటే తండ్రి ఇంకా తన తండ్రిగానే ఉంటాడు. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నేల మీద పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. నొప్పికి నిద్రపట్టక, తన తల మీద చెయ్యి వేసి, "నీకు మంచిల్లు సూసీసాకే నాకు నిద్దరమ్మా" అనేవాడు. అప్పట్లో అది ప్రేమ అనుకుంది. కుసుమకుమారి చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది. సత్యశ్రీ నంబరు నొక్కి, ఫోన్ బానెట్ మీద వైరు ముక్క పక్కనే పెట్టింది.

"ఏటమ్మా, టిఫిన్ తిన్నావా?" అన్నాడు నీలకంఠం. వెనకాల జోగమ్మ కోళ్ళను అదిలిస్తున్న చప్పుడు.

"తిన్నాను నాన్నా. కాలు ఎలగుంది?"

"ఉన్న కాలు బాగానే ఉంది. నేని కాలే సలుపుతంది" అని నవ్వాడు.

ఎదురుగా అత్తగారు కనుబొమ్మలు ఎగరేసింది, అడగవేం అన్నట్టు.

"నాన్నా, నిన్ను గుద్దీసింది లారీయే కదా?"

కోళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆయన ఇంట్లోంచి బయటికి వస్తున్నాడు కాబోలు, చంకకర్ర టకటకమని వినిపించింది. వాకిట్లోకి చేరాక వచ్చిన గొంతు ఎవరో దొంగ గొంతులా ఉంది.

"కారు అమ్మీసినారేటమ్మా?"

సత్యశ్రీ కారు మాటే ఎత్తలేదు. ఉదయ్‌కుమార్ మెట్ల మీద కూలబడ్డాడు. కుసుమకుమారి గారి మొహంలో గెలుపు తెలిసిపోతోంది. ఫోన్ ఆపేయమన్నట్టు చెయ్యి ఊపింది, వినాల్సింది వినేశాం కదా అని. కానీ నీలకంఠం ఇంకా మాట్లాడుతున్నాడు. అదుపు తప్పిన గొంతుతో, మాట మీద మాట పడిపోతూ మాట్లాడుతున్నాడు.

"అమ్మనివ్వకమ్మా. నీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఆ బండి ఇంట్లోంచి కదలనివ్వకు. అమ్మనని అమ్మగారు నాకు దేవుడి మీద ఒట్టేసి సెప్పినారు. ఆ కారు ఆ వాకిట్లో ఉన్నంతకాలమే ఆ యమ్మకి భయం. సాక్షి అదొక్కటేనమ్మా. అది పోయిందంటే మర్నాడే నిన్ను గెంటీడానికి ఆ యమ్మకి అడ్డేటుంది?"

కుసుమకుమారి మొహంలో ఆ గెలుపు అలాగే గడ్డకట్టుకుపోయింది. ఈ షరతు సంగతి ఆవిడ కొడుక్కి కూడా చెప్పలేదు. ఎదురింటి డాబా మీద మనిషి ఇంకా ఉందో లేదో ఒకసారి తలెత్తి చూసుకుంది. డాబా ఖాళీగా ఉంది. ఆవిడ ఒక అడుగు ముందుకు వేసింది, చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఫోన్‌ను దాటుకుని బానెట్ మీదున్న వైరు ముక్క మీదికి పోయింది.